గ్యారంటీ రైలుబండి

నిజాం రైల్వేను లండన్ కంపెనీ చేతుల్లోంచి ప్రభుత్వం తీసుకున్నది 1930 ఏప్రిల్ 1న. బందరు బండిని నడిపిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీని ఢిల్లీ సర్కారు తీసుకున్నది 1944 ఏప్రిల్ 1న. బందరులో పుట్టి, జాతీయమై, ఊరి పేరు నిలబెట్టిన ఆంధ్రా బ్యాంకు బోర్డు దించేసింది 2020 ఏప్రిల్ 1న. లెక్కల సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది గనక అలా కుదిరిందండీ, అంటారు గుమాస్తాలు. అననివ్వండి. ఏప్రిల్ ఒకటి దేనికి ప్రసిద్ధో బడికెళ్ళే పిల్లాడికీ తెలుసు. బందరు వాళ్ళకి ఇంకాస్త బాగా తెలుసు.

ముందు గ్యారంటీ సంగతి చూద్దాం. ఆ మాట వినని చెవి ఇవాళ ఉందా? ఒక పార్టీ ఆరు గ్యారంటీలంటుంది. ఒకాయన తన పేరే గ్యారంటీ అంటాడు. మన రాష్ట్రంలో ఒకరు ష్యూరిటీ, మన భవిష్యత్తుకు గ్యారంటీ. వడ్డీ వ్యాపారి రాయించుకునే కాగితంలా లేదూ? ఎందుకుండదు? రైలు ఈ దేశంలోకి వచ్చిందే వడ్డీ వ్యాపారి కాగితం మీద. లండన్‌లో వాటా కొన్నవాడికి ఏడాదికి 5 శాతం ఖాయం. బండి లాభాల్లో నడిస్తే మంచిదే. నష్టాల్లో నడిస్తే? లోటు ఇక్కడి ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే ఎవరు? శిస్తు కట్టే రైతు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. ఇక్కడ గుర్రం వాళ్ళది, దాణా మనది, గుడ్డితనం ఇద్దరిదీ.

ఇది నా దుగ్ధ అనుకునేరు. ఈ దేశానికి ఆర్థిక సభ్యుడిగా చేసిన విలియం మాసీ దొరే 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఒప్పేసుకున్నాడు. 5 శాతం ఖాయమయ్యాక తన డబ్బు ఇటుకా సున్నమూ అయిందా, హుగ్లీ నదిలో కలిసిందా అన్నది మదుపుదారుకి పట్టదని సారాంశం. పాపం, నిజాయితీపరుడు. ఈ రోజుల్లో ఏ మంత్రి అంత సూటిగా చెబుతాడు?

ఇక మన తెలుగునేల మీద ఆడిన నాటకం. ఇది మామూలు నాటకం కాదు. పూటకో అంకం చొప్పున చూడాలి. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. నిజాం సొంత సొమ్ముతో వేసిన దారి. అంటే మొదట్లో బండి ప్రభుత్వానిదే. తర్వాత ఏమైంది? దాన్ని బెజవాడ దాకా పొడిగించాలన్నారు. డబ్బు చాలదన్నారు. 1883లో లండన్‌లో ఒక కంపెనీ పుట్టింది, ఉన్న దారి దానికి అప్పజెప్పారు, పైగా కంపెనీకి 20 ఏళ్ళ పాటు 5 శాతం గ్యారంటీ రాసిచ్చారు. ఎడ్లు మనవి, బండి మనది. రెండూ పొరుగువాడికిచ్చి, తోలినందుకు వాడికే ఎదురు కూలి కట్టామన్నమాట. ఒప్పందం కుదిరేనాటికి సాలార్ జంగ్ కన్నుమూశాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. మీసకట్టు రాని కుర్రాడి రాజ్యాన్ని పెద్దమనుషులు కలిసి పూచీ పెట్టారు.

అడిగినవాడు లేడా? ఉన్నాడు. అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తండ్రి. హైదరాబాదులో కళాశాల నడుపుతున్న పంతులు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటి వాళ్ళతో కలిసి ఆయన కోరింది ఒక్కటే: ఆ షరతులేమిటో జనానికి చెప్పండి. రైలు వద్దనలేదు. కాగితం చూపించమన్నాడు. 1883 మే నెలలో ఆయన్ని ఊరి నుంచే వెళ్ళగొట్టారు. ఈ గొడవకి చరిత్రలో చాందా రైల్వే ఆందోళన అని పేరు. కాగితం చూపించమన్నవాడికి బహిష్కారం. లండన్‌లో మంతనాలు నడిపిన అబ్దుల్ హక్‌కి? మొదట బిరుదు. అయిదేళ్ళకి గనుల వాటాల వ్యవహారం బద్దలయ్యాక గానీ ఆయన పదవి ఊడలేదు. వరస గమనించారా? అడిగినవాడికి శిక్ష వెంటనే. తిన్నవాడికి శిక్ష తీరిగ్గా. ఈ టైంటేబుల్ మాత్రం ఇప్పటికీ నిమిషం తేడా లేకుండా అమలవుతోంది.

1930లో నిజాం సర్కారు ఆ కంపెనీని డబ్బిచ్చి కొనుక్కుంది. సొంత ఇల్లు అద్దెకిచ్చి, అద్దె తనే కట్టి, చివరికి ఆ ఇంటినే కొనుక్కున్న ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? నవ్వకండి. 2021లో ఢిల్లీ సర్కారు ప్రభుత్వ ఆస్తులతో రాబడి తెచ్చే పథకం ప్రకటించింది. ఆరు లక్షల కోట్లలో రైల్వే వాటా లక్షా యాభై రెండు వేల కోట్లు. అమ్మకం కాదు, యాజమాన్యం మాదే, వాడుకోవడానికి ఇస్తున్నాం అంతే, అన్నారు. నిజాం దర్బారులోనూ ఇలాగే సర్దిచెప్పి ఉంటారు.

సరే, బందరుకి వద్దాం. నిజాం బండి 1889లో బెజవాడ చేరింది. చేరి, అక్కడే కూలబడింది. సముద్రం ఇంకా 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏ సముద్రం? గోల్కొండ నవాబుల వజ్రాలూ, అద్దకపు గుడ్డలూ ఓడలెక్కిన సముద్రం. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వెతుక్కుంటూ వచ్చిన రేవు. బందరు అనే మాటకే రేవు అని అర్థం. రైలు వచ్చాక సరుకు బెజవాడ నుంచి మద్రాసు దారి పట్టింది. 1893లో తూర్పుతీరపు దారి కూడా బెజవాడ నుంచి ఏలూరు మీదుగా పైకి పోయింది. పేరుకి తూర్పుతీర రైల్వే. తూర్పుతీరంలో మూడు వందల ఏళ్ళు రాజ్యమేలిన రేవుకి మాత్రం దూరంగా జరిగింది. అప్పటికే 1864 నవంబరు ఉప్పెన ముప్పై వేల మందిని మింగి ఊరి నడుం విరిచింది. మిగిలింది రైలు పూర్తిచేసింది, రాకుండానే.

రైలు కంటే కాలువ చవకరా నాయనా అని మొత్తుకున్న తెల్లవాడు ఒకడున్నాడు. కాటన్ దొర. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే పాట పాడాడు. ఎవరు వింటారు? కాలువ తవ్వితే మన కూలీకి కూడు దొరుకుతుంది, మన చేనుకి నీళ్ళు దొరుకుతాయి. ఇంగ్లండు ఇనుముకి గిరాకీ దొరుకుతుందా? బందరు కాలువలో పడవ మీదే జనం బెజవాడ పోతూ వస్తూ ఉన్నారు.

చివరికి 1908లో వచ్చింది. బెజవాడ, గుడివాడ, బందరు. అదే ఏడు జనవరిలో మద్రాస్ రైల్వేనీ సదరన్ మరాఠా రైల్వేనీ కలిపి ఎం అండ్ ఎస్ ఎం కంపెనీ చేశారు. బందరు బండి తోలే పని ఆ కంపెనీది. రైలొచ్చింది సరే, ఎలాంటి రైలు? మీటర్ గేజి. నిజాం దారి బ్రాడ్ గేజి. మద్రాసు దారి బ్రాడ్ గేజి. బందరుకి మాత్రం చిన్న పట్టా. బస్తా ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కాల్సిందే. పెద్దింటి పెళ్ళికి పిలిచి వెనక వాకిట్లో విస్తరి వేసినట్టు. ఆ పట్టా వెడల్పు కావడానికి 1960లు రావాల్సి వచ్చింది. గుడివాడ నుంచి భీమవరానికి 1928లో దారి పడ్డాక గుడివాడ జంక్షనయింది. బందరు మాత్రం కొసనే ఉండిపోయింది. పట్టా అక్కడితో ఆఖరు. ఈ కొస మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

కంపెనీ మీద జనానికి ఎంత ప్రేమో 1942 చెప్పింది. ఆ జులైలో ఆంధ్ర కాంగ్రెస్ సర్క్యులర్ ఒకటి జిల్లాలకు వెళ్ళింది. గొలుసు లాగి బండి ఆపండి, టిక్కెట్టు కొనకండి అన్నవి కూడా అందులో ఉన్నాయి. ఆగస్టు 12న తెనాలి స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు నేలకొరిగారు. టిక్కెట్టు లేకుండా ఎక్కడం ఒకప్పుడు దేశభక్తి. ఇప్పుడు జరిమానా. తేడా ఏమిటంటే ఇప్పుడు బండి మనది.

మనది! ఆ ముక్క దగ్గరే కాసేపు కూర్చుందాం.

1944లో కంపెనీ వాటాదార్లకు సొమ్ము కట్టి పంపేశారు. 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వే ఏర్పడింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే. బోర్డులు మారాయి. పెట్టెల రంగులు మారాయి. 1974లో మూడో తరగతిని రద్దు చేశారు. ఎంత గొప్ప సంస్కరణ! మూడో తరగతి జనాన్ని రాత్రికి రాత్రి రెండో తరగతికి ఎక్కించారు, పెట్టె కదపకుండానే. తలుపు మీద అంకె తుడిచి అంకె రాశారు. బందరు తొక్కుడు లడ్డు ఎలా చేస్తారో చూడాలని సరదాగా ఉందా? మిఠాయి కొట్టుకెళ్ళనక్కర్లేదు. పండగ ముందు రోజు బందరు-బీదరు బండి జనరల్ పెట్టె ఎక్కండి. పిండి మీరే.

2020 మార్చిలో కోవిడ్ వచ్చింది. ముసలివాళ్ళకి టిక్కెట్టులో ఇచ్చే రాయితీ తీసేశారు. మగవాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది. ముసలివాళ్ళు ప్రయాణాలు తగ్గించుకోవాలని అలా చేశామన్నారు. ఆహా, ఎంత ఆప్యాయత! కోవిడ్ పోయింది. మాస్కులు పోయాయి. ఆప్యాయత మాత్రం పోలేదు. పాసింజరు బండికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, పది రూపాయల కనీస ఛార్జీని ముప్పై చేశారు. అదే బండి, అదే కూత, అవే స్టేషన్లు. ఉప్పులూరులో ఆగేది, ఇందుపల్లిలో ఆగేది, గుడ్లవల్లేరులో ఆగేది, కవుతరంలో ఆగేది. అన్నిచోట్లా ఆగే ఎక్స్‌ప్రెస్! 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పది చేశారు. ఎన్నికలు ఏప్రిల్‌లో మొదలయ్యాయి. కాకతాళీయం. మీరేమీ అనుకోవద్దు.

లండన్ వాటాదారుకి గ్యారంటీ ఉన్నప్పుడు కాగితం ఉంది. కాగితం మీద అంకె ఉంది. అంకె తప్పితే కోర్టు ఉంది. మనకున్న గ్యారంటీకి ఏముంది? మైకు ఉంది.

రెండో పట్టా కథ కూడా వినండి. విజయవాడ, గుడివాడ, బందరు, భీమవరం, నర్సాపురం, నిడదవోలు. మొత్తం 221 కిలోమీటర్ల డబ్లింగ్, కరెంటు తీగ. 2011-12లో మంజూరు. పూర్తయ్యేసరికి 2022 చివర. ఇంగ్లీషువాడు రాళ్ళు కొట్టించి, చేత్తో మట్టి మోయించి, తుపాన్ల మధ్య దారి వేశాడు. మనం జేసీబీలతో ఉన్న దారి పక్కన ఇంకో దారి వేయడానికి పదకొండేళ్ళు తీసుకున్నాం. అయినా సరే, అయింది. అయినదాన్ని అయిందనాలి. పట్టాలు రెండయ్యాయి. మరి పగటిపూట బందరు నుంచి బెజవాడకి ఎన్ని బండ్లు పెరిగాయి? ఆ ప్రశ్న అడగకండి. అఘోరనాథ్ గారు గుర్తున్నారుగా.

ఇప్పుడు కొస సంగతి. కృష్ణ ఇవతలి ఒడ్డున బందరులో పట్టా 1908లో ఆగింది. అవతలి ఒడ్డున, తెనాలి నుంచి వచ్చిన పట్టా 1916లో రేపల్లెలో ఆగింది. రెండు కొసలూ వందేళ్ళకి పైగా ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడి ఉన్నాయి. మధ్యలో ఏముంది? దివిసీమ. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక. వరి, చెరకు, రొయ్య, పీత. ధాన్యం పండేది ఇక్కడ. రైలు కూత వినాలంటే బందరు పోవాలి. బందరు నుంచి రేపల్లెకు రోడ్డు మీద 50 కిలోమీటర్లకు అటూ ఇటూ. రైల్లో వెళ్ళాలంటే బెజవాడ ఎక్కి, తెనాలి దిగి, దాదాపు మూడింతలు చుట్టి రావాలి. ముక్కేదిరా అంటే తల వెనక నుంచి చెయ్యి తిప్పి చూపించినట్టు.

కంపెనీవాడు ఎందుకు కలపలేదో అర్థమవుతుంది. వాడికి లాభం కావాలి. కృష్ణ మీద కొస దగ్గర వంతెన కట్టాలంటే ఖర్చు. దీవిలో ఉన్న రైతు కోసం వాడికేం పట్టింది? వాడు దొంగ, ఒప్పుకున్నాం. ఎనభై ఏళ్ళ నుంచీ బండి మనదేగా? ఇప్పుడు ఎవడు దొంగ?

1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం నడిచొచ్చింది. సర్కారు లెక్కలే పదివేల ప్రాణాలన్నాయి. శవాలు తీసే మనిషి లేడు, రోడ్లు తెగిపోయాయి, మంచినీళ్ళు లేవు. ఆకాశంలో హెలికాప్టర్లు వచ్చాయి, వాటిలోంచి నాయకులు తొంగిచూశారు. ఆనాటి నుంచీ ప్రతి నవంబరులో పూలదండలు వస్తున్నాయి. ఇన్ని వేల మంది పోయిన నేలకి ఎత్తయిన కట్ట మీద ఒక రైలు దారి ఉండాలని ఎవరికీ తట్టలేదా? తట్టింది. అందుకే సర్వే చేశారు. మళ్ళీ చేశారు. మళ్ళీ. దివిసీమలో పొలంగట్టు మీద ఎవరైనా చేతిలో కాగితాలు పట్టుకుని కనబడితే చాలు, సర్వేవాళ్ళొచ్చారనుకుంటారు. అంతగా అలవాటు పడ్డారు జనం. బందరు-రేపల్లె దారి ఇప్పటికి సర్వే రాళ్ళ మీద నడిచినంత దూరం పట్టాల మీద నడవలేదు.

ఒకప్పుడు ఫిబ్రవరిలో రైల్వే బడ్జెట్టు ఉండేది. ఆ మధ్యాహ్నం రేడియోకి చెవి ఆనించి కూర్చునేవాళ్ళం, మా దారి పేరు వస్తుందేమోనని. వచ్చేది కాదు. కనీసం నిరాశపడటానికి ఒక తేదీ ఉండేది. 2017 నుంచి ఆ బడ్జెట్టుని అసలు బడ్జెట్టులో కలిపేశారు. ఇప్పుడు నిరాశకి కూడా ముహూర్తం లేదు.

రాళ్ళంటే గుర్తొచ్చింది. బందరు పోర్టుకి 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2019లో చంద్రబాబు నాయుడు చేశారు. 2023లో జగన్మోహన్‌రెడ్డి చేశారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు కొబ్బరికాయలు, ఒకటే సముద్రం. మూడోసారి తర్వాత పని కదిలిందనేది నిజమే. కానీ ఒక్క పోర్టుకి మూడు పునాదులుంటే, ఆ పోర్టు ఎంత గట్టిగా ఉండాలో మీరే ఆలోచించండి. రైల్వే జోనుకీ అంతే. దక్షిణ కోస్తా జోను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. విశాఖలో దాని ఆఫీసుకి రాయి 2025 జనవరిలో పడింది. ఆరేళ్ళు. బందరు నుంచి విశాఖకు పాకుతూ వెళ్ళినా ఈపాటికి చేరేవాళ్ళం.

బందరు రైలు దిగడానికి ముందు స్టేషన్ చిలకలపూడి. బంగారు పూత నగలకి ప్రసిద్ధి. ఇక్కడ చేసిన గాజు దూరం నుంచి చూస్తే కంసాలి కూడా తడబడతాడు. అయితే చిలకలపూడి వాళ్ళలో ఒక నీతి ఉంది. అమ్మేటప్పుడే చెబుతారు, ఇది గిల్టు సార్ అని. ఎన్నికల మేనిఫెస్టో అమ్మేవాళ్ళని ఒక నెల ఇక్కడ శిక్షణకి పంపితే బాగుంటుంది.

ఇక ఆంధ్రా బ్యాంకు. 1923లో పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన బ్యాంకు. విదేశీ బ్యాంకులు మన రైతుకి, మన వర్తకుడికి అప్పివ్వవు గనక మన బ్యాంకు ఉండాలని పెట్టింది. 1980లో జాతీయం చేశారు. సంబరాలు చేసుకున్నాం. నలభై ఏళ్ళకి ఇంకో బ్యాంకులో కలిపి పేరు తుడిచేశారు. కంపెనీవాడి బండిని జాతీయం చేస్తే పేరు మారింది, తీరు మారలేదు. మనవాడి బ్యాంకుని జాతీయం చేస్తే తీరూ పోయింది, పేరూ పోయింది. జాతీయం అన్న మాటకి నిఘంటువులో అర్థం ఏమిటో ఎవరైనా చూసి చెబుతారా?

ఆ మధ్య రేపల్లె స్టేషన్లో దిగాను. చేతిలో ఈ వ్యాసానికి రాసుకున్న కాగితాలు. బయటికొస్తే ఆటోలు. పెనుమూడి వంతెన దాటించి అవనిగడ్డలో దింపమని ఒక కుర్రాడిని అడిగాను. ఆ వంతెన రోడ్డు వంతెన, ఈ శతాబ్దంలోనే వచ్చింది. అంతకు ముందు రేవులో పడవే. కుర్రాడు నా కాగితాల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"రైలు సర్వేవాళ్ళా అండీ?"

"కాదు బాబూ."

"అయితే ఎక్కండి బాబాయ్. సర్వేవాళ్ళనుకుని రానూపోనూ చెప్పబోయాను."